చుక్కాని ఇద్దరి చేతికీ రావాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కాకినాడ నుంచి అంతర్వేది దాకా గోదావరి పాయల్లో, మడ అడవుల అంచున, చిన్న తెరచాప పడవ మీద భార్యాభర్తలిద్దరూ మూడు నెలలు గడపాలని మీ కోరిక. ఇరవై రెండు అడుగుల పాత ఫైబర్ పడవ ఒకటి అమ్మకానికి ఉందని విన్నారు. "పడవ నడపడం నేను నేర్చుకున్నాను. మా ఆవిడకు నీళ్లంటే కొంచెం భయం, అయినా వస్తానంటోంది. ఆమెకు ఇబ్బంది కలగకుండా ఏమేమి సౌకర్యాలు అమర్చుకోవాలి?" అని అడిగారు.

నేను, మా వారు పదకొండు చలికాలాలు గోదావరి పాయ అయిన గౌతమి మీద, కాకినాడ అఖాతంలో ఇలాంటి పడవలోనే కాపురం చేశాం. సౌకర్యాల గురించి రాస్తాను. కానీ మీ ప్రశ్నలో మీరు పడవ నడిపే సరంగు, ఆమె ప్రయాణికురాలు. ఆ అమరికతో మాత్రం బయలుదేరకండి. మొదటి మూడేళ్లు మేమూ అలాగే తిరిగాం. అది ఎంత పొరపాటో ఒక్క మధ్యాహ్నంలో తెలిసింది.

అది జనవరి నెల. అటవీ శాఖ అనుమతి తీసుకుని భైరవపాలెం వైపు మడ అడవిలో ఒక సన్నని పాయలోకి వెళ్లాం. ఒక మలుపులో తెరచాప స్తంభానికి కట్టిన తీగ ఒక కొమ్మకు చిక్కుకుంది. మా వారు లేచి నిలబడి ఆ కొమ్మను చేత్తో విరిచారు. అది తిల్ల చెట్టు. విరిచిన చోట నుంచి తెల్లటి పాలు చిమ్మి ఆయన కంట్లో పడ్డాయి. తిల్లపాలు కంట్లో పడితే ఏమవుతుందో అక్కడి జాలర్లందరికీ తెలుసు. రెండు నిమిషాల్లో ఆయన రెండు కళ్లూ తెరవలేకపోయారు. ఒక కన్ను వాచిపోయింది, రెండో కన్ను ఏకధారగా కారుతోంది. తాగే నీళ్ల క్యాను సగం ఆయన ముఖం మీదే పోశాను. ఈలోగా ఆటు మొదలైంది. బురద గట్టు మీద తడి గీత నీటికి జానెడు పైన కనిపిస్తోంది. ఇంకో రెండు గంటల్లో ఆ పాయలో మా పడవ కదలదు. బయటికి తీసుకురావలసింది నేనే.

అప్పటిదాకా నేను చుక్కాని పట్టుకున్నది వెడల్పైన గౌతమిలో, గాలి లేని రోజుల్లో, ఆయన టీ తాగేంతసేపు మాత్రమే. ఇంజను తాడు లాగడం ఏడోసారికి ఫలించింది. ఆయన కళ్లు మూసుకుని అంచుకు ఆనుకుని కూర్చుని "నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పు" అంటూ వచ్చారు. ఎడమ పక్క నునుపుగా, కుడి పక్క సన్నగా ముడతలు పడి ఉన్నాయన్నాను. "ముడతల కింద మేట ఉంటుంది, నునుపు వైపు పోనివ్వు" అన్నారు. మలుపు వచ్చిందంటే, "వంపుకు బయటి గట్టు ఏ పక్కన ఉంది? దానికి దగ్గరగా పట్టు, లోపలి గట్టు వైపు బురద పేరుకుని ఉంటుంది" అన్నారు. ఒకసారి మేట మీద కూర్చున్నాం. ఇద్దరం ఒకే పక్కకు జరిగితే పడవ వంగింది, పడవ అడుగున నీళ్లలోకి దిగి ఉండే పలక, కీల్, వదులైంది, గడతో నెట్టాను. గౌతమిలో పడేసరికి నా అరచేతుల్లో చర్మం లేచిపోయింది. యానాం రేవులో దిగేటప్పటికి పొద్దు వాలింది. వెంటనే నీళ్లతో కడగడమే కంటిని కాపాడిందని డాక్టరు అన్నారు. మూడు రోజులకు చూపు సరిగ్గా వచ్చింది.

ఆ రోజు నా కళ్లు, ఆయన జ్ఞానం కలిసి పడవను గట్టెక్కించాయి. ఆయన స్పృహ తప్పి ఉంటే? ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి నుంచి పద్ధతి మార్చాం. ఒక రోజు ఆయన సరంగు, మరుసటి రోజు నేను. నా వంతు రోజున ఆయన సలహా ఇవ్వాలన్నా నేను అడిగాకే ఇవ్వాలి. మొదటి నెల ఆయన పెదవి బిగపట్టి కూర్చున్నారు. నేను రెండుసార్లు మేట ఎక్కించాను కూడా. అయినా ఆ నెలలోనే నా భయం పోయింది. నీళ్ల మీద భయం సౌకర్యాలతో పోదు. పరుపు మెత్తగా ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి పడవ ఊగినప్పుడు గుండె నిలబడదు. ఎందుకు ఊగుతోందో, ఇప్పుడు ఏ తాడు పట్టుకోవాలో తెలిసినప్పుడే నిలబడుతుంది.

ఇందులో కొత్తేమీ లేదు. గౌతమిలో చిన్న పడవల మీదే వండుకు తింటూ తిరిగే జాలరి కుటుంబాలను మీరూ చూస్తారు. భర్త ముందు నిలబడి వల విసురుతుంటే వెనక భార్య తెడ్డుతో పడవను ప్రవాహానికి అడ్డం తిరగకుండా నిలబెడుతుంది. ఆమె చేయి ఒక్క క్షణం తప్పినా అతని వల మడత పడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకూ పనికొచ్చాయి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మోకులతో పడవలను లాగేవారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఆ కాలువ గట్టునే ఉండేది. మగవాళ్లు గట్టున మోకు లాగుతుంటే, చంకలో బిడ్డతో చుక్కాని పట్టుకున్న ఆడవాళ్లను ఎందరినో చూశానని చెప్పేది.

కాబట్టి బయలుదేరే ముందు మీ భార్య ఒంటరిగా చేయగలగాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మీరు పడవలో ఉండి కూడా లేనట్టే కూర్చోవాలి. ఇంజను స్టార్ట్ చేయడం, తెరచాప దించడం, లంగరు వేయడం, తీయడం, రేవుకు చేర్చడం, ఫోనులో తాము ఎక్కడ ఉన్నారో చెప్పడం. తీర రక్షక దళం నంబరు 1554 ఇద్దరికీ కంఠతా రావాలి. వీటన్నిటి కంటే ముఖ్యం, మీరు నీళ్లలో పడితే ఆమె మిమ్మల్ని పైకి తీయగలగాలి. తడిసిన బట్టలతో ఉన్న మగమనిషిని ఒక ఆడమనిషి చేతులతో లాగి పడవలోకి ఎక్కించడం అసాధ్యం. మా ప్రయత్నం ఎండాకాలంలో, నడుము లోతు నీళ్లలో చేశాం. నాలుగుసార్లు ఓడిపోయాం. తరువాత తాడు నిచ్చెన వెనక శాశ్వతంగా కట్టాం, తెరచాప దూలం చివర కప్పీలు వేలాడదీశాం. ఇప్పుడు నేను ఆయన్ని మూడు నిమిషాల్లో పైకి తీస్తాను. లైఫ్ జాకెట్ మాత్రం నిద్రపోయేటప్పుడు తప్ప ఒంటి మీద నుంచి తీయకండి. పాయలో నీళ్లు నిదానంగా కనిపించినా ఆటు పోయేటప్పుడు ఈత వచ్చినవాడిని కూడా లాగేస్తుంది.

భార్యాభర్తల మధ్య గొడవ వచ్చే చోటు లంగరు దగ్గరే. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో ఇంజను మోత, గాలి. "వదులు" అంటే "వద్దు" అని వినపడుతుంది. ఆ కేకలు దూరం నుంచి వినేవాళ్లకు తిట్లలాగే ఉంటాయి, మనకూ కాసేపటికి అలాగే తోస్తాయి. మేము మాటలు పూర్తిగా మానేశాం. పిడికిలి బిగిస్తే ఆగమని, అరచేయి కిందికి చూపితే లంగరు వదలమని, చేయి గుండ్రంగా తిప్పితే వెనక్కి పొమ్మని. అయిదు సైగలు చాలు. వేసిన లంగరు పట్టిందా లేదా అని ఇద్దరూ ఒడ్డున ఒక చెట్టును, దాని వెనక మరో చెట్టును గుర్తుపెట్టుకుని పావుగంట చూడాలి. పోటు నిండినప్పటి లోతుకు అయిదు రెట్లు తాడు వదలండి. ఆరు గంటలకోసారి ప్రవాహం ఎదురు తిరుగుతుంది, పడవ లంగరు చుట్టూ తిరిగి అటు ముఖం ఇటు పెడుతుంది. ఆ సమయంలోనే లంగరు ఊడిపోతుంది. అందుకే రాత్రి ఒంటిగంటకు ప్రవాహం మారుతుందని తెలిస్తే ఒకరు లేచి ఉంటారు. ఎవరి వంతో పడుకోబోయే ముందే తేల్చుకోవాలి. నిద్రమత్తులో వంతులు తేల్చుకోవడం కుదిరే పని కాదు. పాయల అడుగున ఉన్న బురద లంగరును బాగా పట్టుకుంటుంది. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉన్న ఇసుకను నమ్మకండి.

పోటు లెక్కకు పడవలో తెలుగు క్యాలెండర్ తగిలించండి. పౌర్ణమికీ అమావాస్యకూ నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి, నవమి నాటికి ఆ తేడా తగ్గిపోతుంది. పోటు వేళ రోజుకు రెండు ఘడియలు, అంటే ముప్పావుగంటకు పైగా, ఆలస్యమవుతుంది. తిథి తెలిస్తే రేపు ఎన్నింటికి కదలాలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మేట ఎక్కితే పోటు ఎక్కే వేళ ఎక్కాలని, దిగే వేళ కాదని జాలర్లు మాకు మొదట చెప్పిన మాట. ఎక్కే పోటు మిమ్మల్ని తనే లేపుతుంది. పౌర్ణమి పోటు తలకెక్కినప్పుడు మేట మీద కూర్చుంటే మళ్లీ అంత నీరు వచ్చేదాకా రోజుల తరబడి అక్కడే ఉండాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటు వేళలు, అలల ఎత్తు ముందుగా ప్రకటిస్తుంది. ఫోనులో అదీ చూసుకోండి, కానీ మడ అడవిలో సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు.

కాలం విషయంలో బేరం లేదు. డిసెంబరు రెండో సగం నుంచి మార్చి నెల మధ్య వరకే. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి వరద మీద ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దానికి చాలా ముందే చిన్న పడవకు ఆ నదిలో చోటు ఉండదు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగి ఓడరేవునే తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో అక్కడ ఏ పెద్దవారిని అడిగినా చెబుతారు. చలికాలంలో కూడా అల్పపీడనం అన్న మాట వినగానే పడవను పైపాయలో చెట్లకు నాలుగు వైపులా కట్టి, మీరిద్దరూ ఒడ్డెక్కండి. పడవలో ఉండి పడవను కాపాడదామని అనుకోవద్దు.

ఇక మీరు అడిగిన సౌకర్యాలు. ముందు మరుగు సంగతి, ఎందుకంటే దీని గురించి మగవాళ్లు ఆలోచించరు, ఆడవాళ్లు మొహమాటంతో అడగరు. మూత గట్టిగా పడే చిన్న టాయిలెట్ పెట్టె ఒకటి, దాని చుట్టూ నిలువు తెర తప్పనిసరి. తెర గాలికి లేవకుండా కింద కూడా కట్టాలి. ఆ తెర లేకపోతే మీ భార్య రోజంతా నీళ్లు తాగడం మానేస్తుంది. ఎండలో అది జ్వరంతో, మూత్రంలో మంటతో ముగుస్తుంది. నెలసరి రోజులకు మూత ఉన్న డబ్బా వేరుగా ఉంచి, ఊరు చేరాకే ఖాళీ చేయండి. నదిలో ఏదీ వేయవద్దు. స్నానానికి, బట్టలకు వారానికోసారి పైకి, కోటిపల్లి వైపు వెళ్లేవాళ్లం. అక్కడ నీళ్లలో ఉప్పు తక్కువ. కింద యానాం దగ్గర ఎండాకాలం ముదిరేకొద్దీ నీళ్లు ఉప్పబారిపోతాయి. తాగడానికి, వంటకు కలిపి ఇద్దరికీ రోజుకు పన్నెండు లీటర్లు మా లెక్క.

వంటకు అయిదు కిలోల గ్యాసు బండ వాడతాం. దాన్ని లోపల పెట్టవద్దు. గ్యాసు గాలికన్నా బరువు. కారితే పడవ అడుగున పేరుకుని ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. వెనక భాగంలో, బయటి గాలికి పెట్టి, వంట కాగానే బండ దగ్గరే కట్టేయండి. వలకు పడిన రొయ్యలో పీతలో జాలర్ల దగ్గర కొంటే కూరకు వెతుక్కోనక్కర్లేదు. దోమతెర రెండు పొరలది తీసుకోండి. మడ అడవిలో సందె వేళ ఒక పొర చాలదు.

పడవ కొనేటప్పుడు చూడవలసినవి మూడు. కీల్ పైకి ఎత్తుకునేది కావాలి, మోకాలి లోతు నీళ్లలో కూడా తేలాలి. స్తంభం ఇద్దరు కలిసి దించుకోగలిగేది కావాలి. వంతెన కిందికి వెళ్లే ముందు దాని ఎత్తును పోటు నిండినప్పటి నీటి మట్టం నుంచి లెక్కపెట్టాలి. పాయల మీదుగా వెళ్లే కరెంటు తీగలు వంతెనల కన్నా ప్రమాదం. అల్యూమినియం స్తంభం హైటెన్షన్ తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి వెళితేనే చాలు. సందేహం ఉంటే స్తంభం దించే వెళ్లండి. మూడోది కాగితాలు. 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం కింద నమోదు, సర్వే వివరాలు అమ్మేవారి దగ్గర ఏమున్నాయో చూడండి. కోరంగి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఒక్క పాయ కూడా దాటవద్దు. తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే నెలలు కూడా ఇవే. హోప్ ఐలాండ్ ఇసుక మీద రాత్రి దీపాలతో తిరగకండి.

మొదటి ఏడాది అంతర్వేది సంగతి మరచిపోండి. అక్కడికి నీటి దారిన వెళ్లాలంటే గౌతమి మొగ దాటి సముద్రంలోకి వెళ్లి, ఓడలరేవు దగ్గర వైనతేయం మొగను దాటుకుని, మళ్లీ వశిష్ఠ మొగలో దూరాలి. మొగల దగ్గర ఇసుక మేటలు ఏటా జాగా మారుస్తాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వీస్తుండగా ఆటు బయటికి పోతుంటే రెండూ ఢీకొని అలలు నిటారుగా లేస్తాయి. బయటి నుంచి చూస్తే అల వీపు మాత్రమే కనిపిస్తుంది, లోపలికి వచ్చాక గాని దాని ఎత్తు తెలియదు. మేము ఆరో ఏట, అక్కడి మరపడవ సరంగును వెంటబెట్టుకుని మొదటిసారి దాటాం. మీరు యానాం, కోటిపల్లి మధ్య గౌతమిలో, తరువాత హోప్ ఐలాండ్ చాటున కాకినాడ అఖాతంలో తిరగండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం చూడాలనుంటే పడవను కట్టేసి బస్సులో వెళ్లండి, మేమూ అలాగే వెళ్లాం. రాత్రి ప్రయాణం వద్దు. పాయలకు అడ్డంగా గుంజలకు కట్టిన వలలు చీకట్లో కనిపించవు. ఒక వల తెగితే ఒక ఇంటి వారం రోజుల సంపాదన పోయినట్టే. పొరపాటున తెంపితే పారిపోకుండా ఆ పడవ దగ్గరికే వెళ్లి, ఖరీదు అడిగి ఇవ్వండి. ఆ తరువాత ఆపద వస్తే ముందుగా వచ్చేది వాళ్లే.

ఇద్దరూ కలిసి ఉండటం గురించి ఒక్క సంగతి చెప్పాలి. ఏడడుగుల వెడల్పులో రోజంతా ఒకరి ముఖం ఒకరు చూస్తూ ఉండటం ప్రేమ ఉన్నా కష్టమే. మా పడవలో ముందు భాగంలో కూర్చున్నవారిని పిలవకూడదన్నది నియమం. నేను ఉదయం పూట అక్కడ కూర్చుంటాను. ఆయన చేసి తెచ్చే కాఫీ నా పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోతారు. పొగమంచులోంచి కొంగలు ఒక్కొక్కటీ బయటపడుతుంటాయి. వారానికి ఒక రోజు ఒడ్డున ఎవరి దారి వారిది. ఆయన ఇంజను సామాన్ల షాపుకు, నేను కూరగాయల సంతకు. సాయంత్రం రేవులో కలుసుకున్నప్పుడు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. భోగి నాడు డెక్కు మీద తడిగుడ్డతో తుడిచి సుద్దతో ముగ్గు వేస్తాను. నీటి తుంపరలకు మధ్యాహ్నానికే చెరిగిపోతుంది. ఆయన మాత్రం దాని మీద అడుగు వేయకుండా అంచు పట్టుకుని నడుస్తారు.

ఇప్పుడే పడవ కొనకండి. యానాంలోనో తాళ్లరేవులోనో అనుభవం ఉన్న సరంగుతో సహా ఒక పడవ పది రోజులకు మాట్లాడుకోండి. మొదటి రోజు నుంచే మీ భార్యను చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, మీరు వంట చేయండి. పది రోజుల తరువాత ఇక్కడ ఆమెనే రాయమనండి, ఎక్కడ భయం వేసిందో, ఏ పని చేతకాలేదో, ఏది నచ్చిందో. ఆ పడవ కొనాలా వద్దా అన్నది ఆమె రాసింది చదివి చెబుతాను.